పాత సమాధుల ఫొటోలు ఎందుకు తీస్తాం?

పుదుచ్చేరిలో నవంబరు మొదటి రెండు రోజులకీ ఒకదానితో ఒకటి పొత్తు కుదరదు. ఒకటో తారీఖు విమోచన దినం. 1954లో ఆ రోజునే ఫ్రెంచి ప్రభుత్వం ఊరి పాలనను మన ప్రభుత్వానికి అప్పజెప్పింది. (చట్టప్రకారం బదిలీ పూర్తయింది 1962 ఆగస్టు 16న. అది వేరే కథ.) జెండా వందనం, కవాతు, ఉపన్యాసాలు ఉంటాయి. మర్నాడు రెండో తారీఖు చనిపోయినవాళ్ళ పండుగ. అక్కడి తమిళ క్రైస్తవులు దాన్ని కల్లరై తిరునాళ్ అంటారు, మనవైపు సమాధుల పండుగ అంటారు. పొద్దున్నే ఉప్పాలం శ్మశానానికి జనం చీపుర్లు, బకెట్లు, సున్నం, బంతిపూలు, కొవ్వొత్తులు పట్టుకుని వస్తారు. గడ్డి పీకుతారు, రాయి కడుగుతారు, చెరిగిపోయిన అక్షరాలను నల్ల పెయింటుతో దిద్దుతారు. ఫ్రెంచి కాన్సులేటు వాళ్ళు వచ్చి పూలు పెట్టడం కూడా ఆనవాయితీ.

ఆ రోజున కెమేరా మెడలో వేసుకుని అక్కడ తిరుగుతుంటే ఒకాయన నన్ను ఆపాడు. యాభై దాటిన మనిషి, పంచె ఎగ్గట్టి చీపురుతో ఒక సమాధి చుట్టూ ఊడుస్తున్నాడు. పక్కన పద్నాలుగు పదిహేనేళ్ళ అబ్బాయి, చేతిలో పెయింటు డబ్బా. "మీవాళ్ళెవరైనా ఇక్కడ ఉన్నారా సార్?" అని తమిళంలో అడిగాడు. లేరన్నాను. "మరి ఫొటోలెందుకు?" అన్నాడు. నాకు వచ్చిన అరకొర తమిళంలో "చరిత్ర కోసం" అన్నాను. ఆయన కోప్పడలేదు గానీ నవ్వాడు. "చరిత్ర మ్యూజియంలో ఉంటుంది సార్. ఇక్కడ ఉండేది మా అమ్మ."

దానికి నా దగ్గర జవాబు లేదు. ఈ వ్యాసం ఒకరకంగా ఆయనకి ఇవ్వాల్సిన జవాబే.

నేను పుదుచ్చేరి వెళ్ళిన అసలు కారణం బుస్సీ. బొబ్బిలి యుద్ధం కథ విని పెరిగిన తెలుగువాడికి బుస్సీ దొర అంటే ఫిరంగులతో వచ్చిన ఒక దుర్మార్గపు పాత్ర. బుర్రకథలోనూ అంతే, 1964లో వచ్చిన సినిమాలోనూ అంతే. కానీ ఆయనకు పుట్టుకా చావూ ఉన్నాయని, సమాధి కూడా ఉందని మనకు తట్టదు. 1753లో సలాబత్ జంగ్ దగ్గర ఉత్తర సర్కారులు రాయించుకున్నవాడు, 1757 జనవరి 24న విజయనగరం రాజు పక్షాన బొబ్బిలి కోట మీద పడ్డవాడు, చివరికి 1785 జనవరి 7న పుదుచ్చేరిలో చనిపోయాడు. ఆయన సమాధి ఆ ఊళ్ళోనే ఉంది. ఆయన పేరుతో ఉన్న వీధికి లాల్ బహదూర్ శాస్త్రి వీధి అని కొత్త పేరు పెట్టినా జనం ఇప్పటికీ బుస్సీ వీధి అనే అంటారు. కథలో పాత్రను రాతి రూపంలో చూడాలన్న కోరిక నన్ను అక్కడికి తీసుకెళ్ళింది. ఈ కోరికలో భక్తి ఏమీ లేదు, పగ అంతకన్నా లేదు. "నిజంగానే ఉన్నాడన్నమాట" అనుకోవడంలో ఉండే చిన్న ఆనందం అది.

పాత శ్మశానాల ఫొటోలు తీయడం నా ఒక్కడి పిచ్చి కాదు. దక్షిణాసియాలోని ఐరోపావాళ్ళ సమాధుల వివరాలు సేకరించడానికి ఇంగ్లండులో 1976లో ఒక సంఘమే పెట్టారు, బాక్సా అని. అమెరికాలో జిమ్ టిప్టన్ అనే ఆయన 1995లో ప్రసిద్ధుల సమాధులు వెతికిపెట్టే వెబ్‌సైటు ఒకటి మొదలుపెడితే, అది పెరిగి పెరిగి మామూలు మనుషుల సమాధులకు పెద్ద దస్తరంగా తయారైంది. లండనులోని కెన్సల్ గ్రీన్ శ్మశానంలో 1884లో పూడ్చిన సి.పి. బ్రౌన్ సమాధి ఫొటో చూసి మురిసిపోయే తెలుగువాళ్ళు చాలామంది ఉన్నారు. నేనూ వాళ్ళలో ఒకణ్ణి.

ఇందులో ఉన్న ఆకర్షణ ఏమిటి అని అడిగితే మామూలుగా వచ్చే జవాబు శ్మశాన వైరాగ్యం. జాషువా శ్మశాన పద్యాలు హరిశ్చంద్ర నాటకం కాటి సీనులో విని పెరిగినవాళ్ళం కాబట్టి ఆ జవాబు మనకు సులువుగా నోటికొస్తుంది. రాజూ పేదా అందరూ ఇక్కడికే అనుకుంటాం. నాకు ఈ జవాబు మీద నమ్మకం లేదు. అందరూ సమానమయ్యే చోటు శ్మశానమని చెప్పినవాళ్ళు ఏ శ్మశానాన్నీ శ్రద్ధగా చూసి ఉండరు. ఆ సంగతికి తర్వాత వస్తాను. పైగా వైరాగ్యం కలిగినవాడు లెన్సు తుడుచుకుంటూ, వెలుతురు కోసం కాచుకుంటూ గంటలకొద్దీ కూచోడు. ఫొటో తీసేవాడి మనసులో ఉండేది విరక్తి కాదు, అక్షరాలా ఆసక్తి.

రెండో జవాబు దయ్యాలు. చేతిలో ఇమిడే డిజిటల్ కెమేరాలు వచ్చిన కొత్తలో ఇదొక పెద్ద వేలంవెర్రి. శ్మశానంలో రాత్రి ఫ్లాష్ కొట్టి ఫొటో తీస్తే గుండ్రటి తెల్లటి బింబాలు గాలిలో తేలుతూ కనిపించేవి. అవి ఆత్మలని ప్రచారం. విషయం చాలా మామూలుది. చిన్న కెమేరాలో ఫ్లాష్ లెన్సుకు రెండు మూడు సెంటీమీటర్ల దూరంలోనే ఉంటుంది. లెన్సుకు బాగా దగ్గరగా ఉన్న దుమ్ము కణం మీదో, తుంపర చుక్క మీదో ఆ వెలుగు పడి నేరుగా వెనక్కి తిరిగి వస్తుంది. ఆ కణం ఫోకస్‌లో ఉండదు కనుక చుక్కలా కాక పళ్ళెంలా పడుతుంది. పుదుచ్చేరిలో నవంబరు ఈశాన్య రుతుపవనాల నెల, గాలి నిండా తుంపరే. ఇక ఆత్మలకు కొదవేముంటుంది? అనుమానం ఉన్నవాళ్ళు ఇంట్లో దీపాలార్పి, ఒక పాత దుప్పటి దులిపి, ఫ్లాష్‌తో పది ఫొటోలు, ఫ్లాష్ లేకుండా పది ఫొటోలు తీసి పోల్చి చూడండి. ఆత్మలు మీ దుప్పటిలో కూడా ఉంటాయి.

ఈ వ్యాపారం ఇప్పటిది కూడా కాదు. విలియం మమ్లర్ అనే అమెరికన్ ఫొటోగ్రాఫరు, చనిపోయినవాళ్ళ ఛాయ బతికున్నవాళ్ళ వెనక కనిపించేలా ఫొటోలు తీసి అమ్మేవాడు. 1869లో న్యూయార్కులో అతని మీద మోసం కేసు విచారణ జరిగింది. సర్కస్ యజమాని బార్నమ్ వచ్చి అతనికి వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పాడు. అయినా తగిన రుజువు లేదని కేసు కొట్టేశారు. మనం గమనించాల్సింది ఆ కాలాన్ని. అంతర్యుద్ధంలో లక్షలమంది చనిపోయి నాలుగేళ్ళయింది. కొడుకు శవం కూడా చూడని తల్లులు ఇంటింటా ఉన్నారు. మమ్లర్ అమ్మింది ఫొటోలు కాదు, ఓదార్పు. మోసాన్ని మోసమనే చెప్పాలి. కానీ కొనుక్కున్న తల్లిని వెక్కిరించే హక్కు మనకు లేదు.

మరి నా జవాబేమిటి? సమాధి రాయి ఒక దస్తావేజు. ఆరుబయట, వానలో ఎండలో పడి ఉన్న దస్తావేజు. దాన్ని చదవడంలో పరిశోధకుడికి ఉండే ఆనందమే ఈ సరదాకి మూలం. దానికి ఇంకో సంగతి తోడైంది, అది నాకు హైదరాబాదులో అర్థమైంది. అది చెప్పాలంటే బుస్సీ దగ్గరనుంచే బయలుదేరాలి.

మిషెల్ జోఆకిమ్ రేమండ్ అనే ఫ్రెంచి యువకుడు 1775లో వ్యాపారం చేసుకుందామని పుదుచ్చేరి వచ్చాడు. వ్యాపారం వదిలి సైన్యంలో చేరాడు. 1783లో ముసలి బుస్సీ మళ్ళీ భారతదేశానికి వచ్చినప్పుడు ఆయన దగ్గర సహాయ అధికారిగా పనిచేశాడు. బుస్సీ పోయాక హైదరాబాదు వెళ్ళి నిజాం కొలువులో కుదిరాడు. అక్కడ దశ తిరిగింది. వేలమంది సిపాయిలతో పెద్ద దళం తయారుచేశాడు. ఫిరంగులు పోత పోసే కార్ఖానా పెట్టాడు. ఇవాళ గన్‌ఫౌండ్రీ అని బస్సు కండక్టరు అరిచే చోటు అదే. 1798 మార్చి 25న చనిపోయాడు. విషం పెట్టారనీ, తనే తీసుకున్నాడనీ అప్పుడూ పుకార్లే, ఇప్పుడూ పుకార్లే. అదే సంవత్సరం అక్టోబరులో ఇంగ్లీషువాళ్ళు అతని దళం ఆయుధాలు లాగేసుకున్నారు.

అతన్ని ఊరి బయట గుట్ట మీద పూడ్చి, నాలుగు పలకల ఎత్తైన రాతి స్తంభం ఒకటి నిలబెట్టారు. పక్కన గ్రీకు పద్ధతిలో స్తంభాల మంటపం కట్టారు. ఆ సమాధి స్తంభం మీద పేరు లేదు. జె, ఆర్ అనే రెండు ఇంగ్లీషు అక్షరాలు మాత్రం ఉన్నాయి.

తర్వాత జరిగింది చూడండి. చుట్టుపక్కల జనానికి ఆయన మూసా రహీం అయ్యాడు, హిందువులకు మూసా రామ్ అయ్యాడు. ఫ్రెంచివాళ్ళు ఒకరినొకరు పిలుచుకునే ముస్యూ అన్న మాట మూసా అయింది, రేమండ్ అన్న ఇంటిపేరు కొందరికి రహీం, కొందరికి రామ్ అయింది. ఆయన వర్ధంతికి ఉరుసు జరిగేది. 1940 దాకా జరిగిందంటారు. ఆరో నిజాం కాలంలో ఆ రోజున సమాధికి ఒక పెట్టె చుట్టలు, ఒక సీసా బీరు పంపేవారని కూడా చెబుతారు. జీతానికి యుద్ధం చేసిన సిపాయి దొర నూరేళ్ళలో మొక్కులు తీర్చే మహాత్ముడయ్యాడు. మూసారాంబాగ్ అనే పేట వెలిసింది, ఆ పేరుతో ఇప్పుడు మెట్రో స్టేషను కూడా ఉంది. అందులో దిగే ప్రయాణికుల్లో ఎంతమందికి తెలుసు, పుదుచ్చేరిలో సరుకులు అమ్ముకుందామని వచ్చిన కుర్రాడి పేరది అని?

మనవాళ్ళు ఈ కథ చెప్పేటప్పుడు సాధారణంగా రెండు పనుల్లో ఒకటి చేస్తారు. మతసామరస్యానికి నిదర్శనమని పొగుడుతారు, లేదా మూఢనమ్మకమని నవ్వుతారు. రెంటిలోనూ కొంత నిజముంది. కానీ నాకు ముఖ్యమనిపించింది రాయి మౌనం. ఆ రాతి మీద "ఫలానా దేశంవాడు, ఫలానా ఉద్యోగం, ఫలానా రోజున పోయాడు" అని ఉర్దూలోనో తెలుగులోనో నాలుగు ముక్కలు చెక్కి ఉంటే ఈ మహిమ ఇంత సులువుగా పుట్టేది కాదు. రెండు పరాయి అక్షరాలకు అర్థం తెలియని జనం తమకు తెలిసిన అర్థం పెట్టుకున్నారు. అందులో జనం తప్పేమీ లేదు. ఖాళీగా వదిలిన చోటు ఎవరో ఒకరు నింపుతారు.

2001 అక్టోబరు వానలకు ఆ స్తంభాల మంటపం కూలిపోయింది. తర్వాత మళ్ళీ కట్టారు. రెండు వందల ఏళ్ళు నిలబడ్డది ఒక్క వానాకాలంలో పోయింది. కూలిపోయిన కట్టడం ఎలా ఉండేదో రేపటివాడికి చూపించేది పాత ఫొటోలే. అవి తీసినవాళ్ళు ఆ రోజున బహుశా సెలవుదినం షికారుకు పోయి ఉంటారు.

ఇదే ధోరణి ఇంకోచోట్ల కూడా కనిపిస్తుంది. మనవాళ్ళు ప్రళయకావేరి అని పిలుచుకునే పులికాట్ సరస్సు అంచున, తమిళనాడు వైపు, పళవేర్కాడు అనే ఊరుంది. డచ్చివాళ్ళు 1613లో అక్కడ కోట కట్టారు, తెలుగు నేల నేత బట్టల వ్యాపారం చేశారు, మనుషుల్ని బానిసలుగా ఓడలెక్కించి అమ్మారు. అక్కడి డచ్చి శ్మశానం పురావస్తు శాఖ రక్షణలో ఉంది. దాని ద్వారం దగ్గర రాతిలో చెక్కిన అస్థిపంజరాలుంటాయి. సముద్రపు దొంగల సమాధులనీ, దయ్యాల కొంప అనీ చెప్పుకోవడం సహజం. నిజానికి ఆ కాలపు ప్రొటెస్టంటు శిల్పంలో పుర్రె, అస్థిపంజరం, ఇసుక గడియారం మామూలు గుర్తులు. "నువ్వూ పోతావు, గుర్తుంచుకో" అని దాని భావం. మన భాషలో చెప్పాలంటే వేమన పద్యం లాంటిది, రాతిలో చెక్కింది. భాష తెలియకపోతే నీతి బోధ కూడా భయం పుట్టిస్తుంది.

బందరు సెయింట్ మేరీ చర్చిలో అరబెల్లా రాబిన్సన్ సమాధి గురించి చెప్పే కథ దీనికి తిరగబడ్డ ఉదాహరణ. అక్కడ పేరుంది, అయినా కథ పుట్టింది. ఆమె 1809లో పోయిందనీ, జాన్ పేటర్ అనే సైనికాధికారి ఆమెను పూడ్చిన చోటే చర్చి కట్టించాడనీ, గాజు పెట్టెలో ఆమె శరీరం ఏళ్ళ తరబడి చెక్కుచెదరకుండా కనిపించేదనీ చెబుతారు. గాజు పెట్టె సంగతి నేను నమ్మను. కాబట్టి అక్షరం ఉన్నంత మాత్రాన కట్టుకథ ఆగిపోతుందని చెప్పలేం. కానీ అక్షరం ఉన్నచోట కథను నిలదీసి అడగడానికి ఒక తారీఖూ ఒక పేరూ దొరుకుతాయి.

చెక్కుచెదరని శరీరం అనగానే పుదుచ్చేరి గుర్తు రాక మానదు. అరవిందుడు 1950 డిసెంబరు 5 తెల్లవారుజామున 1.26కి మరణించారు. 9వ తేదీ సాయంత్రం ఆశ్రమం ఆవరణలో సమాధి చేశారు. మధ్యలో 111 గంటలపాటు శరీరంలో కుళ్ళిన లక్షణాలు లేవనీ, బంగారు కాంతి కనిపించిందనీ భక్తులు రాశారు. ఫొటోలున్నాయి కూడా. అయితే అవి నలుపు తెలుపు ఫొటోలు. వాటిలో బంగారు రంగు ఎలా నిరూపిస్తారు? శరీరం పాడయ్యే వేగం ఉష్ణోగ్రత, తేమ, మనిషి జబ్బు, బరువు వంటి చాలా విషయాల మీద ఆధారపడుతుంది. ఎప్పుడు ఎంత వేడి ఉందో, ఏ గంటలో ఎవరు ఏం కొలిచారో చెప్పే కొలతల పట్టిక లేకుండా 111 అన్న అంకె ఎంత కచ్చితంగా వినిపించినా అది కొలత కాదు, చూసినవాళ్ళ మాట. వాళ్ళు అబద్ధమాడారని నేననడం లేదు. ప్రేమించిన మనిషి పక్కన నాలుగు రోజులు కూచున్నవాళ్ళు చూసింది చెప్పారు. సాక్ష్యానికీ నిరూపణకీ ఉన్న దూరాన్ని మాత్రం గుర్తు పెట్టుకోవాలి.

ఇందులో ఫొటోగ్రఫీకి సంబంధించిన ముచ్చట ఒకటుంది. అరవిందుడు దశాబ్దాల తరబడి ఎవర్నీ ఫొటో తీయనివ్వలేదు. 1950 ఏప్రిల్‌లో ఫ్రెంచి ఫొటోగ్రాఫరు కార్టియే బ్రెసాఁకు అనుమతి దొరికింది. ఏడెనిమిది నెలలకే ఆయన పోయారు. తర్వాత ఆ నెగెటివ్‌లను ఆశ్రమమే కొనుక్కుంది. ఇవాళ సమాధి దగ్గర అనుమతి లేకుండా కెమేరా తీయకూడదు. ఉప్పాలంలో మాత్రం ఎవరూ అడ్డుపడరు, మహా అయితే ఒక పెద్దాయన "ఎందుకు?" అని అడుగుతాడు. పూజ జరిగే సమాధికి ఫొటో అక్కర్లేదు, దానికి కాపలావాళ్ళున్నారు. మనుషులు రావడం మానేసిన సమాధికే కెమేరా అవసరం.

ఇప్పుడు సమానత్వం సంగతి. శ్మశానంలో ఎవరిని ఫొటో తీయగలుగుతున్నాం? రాయి ఉన్నవాణ్ణి. బుస్సీకి రాయి ఉంది. బొబ్బిలి కోటలో ఆ రోజున చచ్చినవాళ్ళకు విడివిడిగా రాళ్ళు లేవు. శత్రువు చేతికి చిక్కకూడదని సొంత మగవాళ్ళే చంపిన ఆడవాళ్ళు, పిల్లలు ఉన్నారు వాళ్ళలో. ఈ ఘోరాన్ని ఇంగ్లీషులో రాబర్ట్ ఓర్మ్ తన సైనిక చరిత్రలో రాశాడు, ఆ సంపుటం 1778లో వచ్చింది. బొబ్బిలిలో స్మారక స్తంభం నిలబెట్టింది 1891లో, అంటే నూట ముప్ఫై నాలుగేళ్ళ తర్వాత. బందరులో 1864 నవంబరు 1 రాత్రి ఉప్పెనలో ముప్ఫై వేలమంది చనిపోయారని లెక్క. దాదాపు అందరూ రాయి దక్కనివాళ్ళే. అదే ఊళ్ళో రెండు వందల ఏళ్ళ ముందు పోయిన డచ్చి వర్తకులకు వంశ చిహ్నాలు చెక్కిన నల్లరాళ్ళు ఇప్పటికీ ఉన్నాయి. మన కెమేరాలు ఎవరివైపు తిరుగుతాయో వేరే చెప్పాలా?

దీనికి "మనం కాల్చేవాళ్ళం, వాళ్ళు పూడ్చేవాళ్ళు, అంతే తేడా" అని తేలిగ్గా చెప్పేయవచ్చు. ఆ "మనం" అన్న మాటలోనే ఉంది చిక్కు. లింగధారులు, జంగాలు పూడుస్తారు. చాలా దళిత కులాలవాళ్ళు పూడుస్తారు. అన్ని కులాలలోనూ పసిపిల్లల్ని పూడుస్తారు. వాళ్ళకు మట్టి దిబ్బే గానీ రాయి లేదు. రాయి ఖరీదైనది, చెక్కించడం ఇంకా ఖరీదు, రాయి పెట్టుకునే జాగా అన్నిటికన్నా ఖరీదు.

క్రైస్తవంలోకి వెళ్ళినా కులం గోడ వెంటే వెళ్ళింది. పుదుచ్చేరిలో డూప్లే దగ్గర దుబాసీగా పనిచేసిన ఆనందరంగ పిళ్ళై (మన కస్తూరి రంగకవి ఛందోగ్రంథం అంకితం పుచ్చుకున్న ఆనందరంగడు ఈయనే) తన డైరీలో 1745 అక్టోబరు సంగతి ఒకటి రాశాడు. చర్చి లోపల దళిత క్రైస్తవులను మిగతావాళ్ళనుంచి వేరుచేస్తూ ఒక గోడ ఉండేది. దళితులు నిలదీస్తే పాదిరీలు గోడ తీయించారు. దాని మీద కులాలవాళ్ళు పెద్ద గొడవ చేశారు. దేవుడి ముందే గోడ కట్టినవాళ్ళు చచ్చాక కలిసి పడుకుంటారా? తిరుచ్చి మేలపుదూరు కాథలిక్ శ్మశానంలో దళితుల సమాధులను విడదీసే గోడ మీద మన కాలంలోనే ఉద్యమాలు జరిగాయి. పాచిపట్టిన దేవదూత బొమ్మను నలుపు తెలుపులో అందంగా తీసి "మృత్యువు ముందు అందరూ సమానులే" అని కింద రాసేవాళ్ళు, కొంచెం వెనక్కి జరిగి ఆ గోడ కూడా ఫ్రేములో పడేట్టు తీస్తే బాగుంటుంది.

అందుకే నాకు అందమైన శ్మశానపు ఫొటోల మీద పెద్ద ఇష్టం లేదు. ఉపయోగపడే ఫొటో చూడ్డానికి చప్పగా ఉంటుంది. రాయికి ఎదురుగా నిలబడి, అంచులన్నీ పడేలా, అక్షరాలు చదవడానికి వీలుగా తీసింది. ఎదురుగా ఫ్లాష్ కొడితే అరిగిన అక్షరాలు పూర్తిగా మాయమవుతాయి. పక్కనుంచి, రాయిని రాసుకుంటూ పోయేట్టు వెలుగు పడాలి. అప్పుడు ప్రతి గీతలోనూ నీడ పడి అక్షరం లేచి నిలబడుతుంది. తూర్పుకో పడమరకో తిరిగిన నిలువు రాళ్ళకు మిట్టమధ్యాహ్నానికి కాస్త అటూ ఇటూ పడే ఎండ చాలు. లేకపోతే ఒక అద్దంతో ఎండను పక్కనుంచి కొట్టవచ్చు. మబ్బు పట్టిన రోజున టార్చిలైటు. సుద్దముక్క రుద్దడం, ఆసిడ్ పోసి కడగడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకూడదు, చదవాలనుకున్న అక్షరాన్ని మనమే తినేసినవాళ్ళమవుతాం. 2001లో హ్యూలెట్ ప్యాకార్డ్ ప్రయోగశాలలో టామ్ మాల్జ్‌బెండర్ అనే ఆయన, వెలుగును వేర్వేరు వైపులనుంచి పంపుతూ తీసిన ఫొటోలను కంప్యూటరులో కలిపే పద్ధతి కనిపెట్టాడు. పాత శాసనాలు చదవడానికి ఇప్పుడు దాన్ని బాగా వాడుతున్నారు. సూత్రం మాత్రం మన టార్చిలైటుదే.

కెమేరాకు ముందు ఈ పని కలంతో చేసినవాళ్ళున్నారు. జూలియన్ జేమ్స్ కాటన్ అనే ఐసీఎస్ అధికారి మద్రాసు రాజధానిలోని సమాధి శాసనాలను జాబితాగా కూర్చి 1905లో అచ్చువేశాడు. మచిలీపట్నం, విశాఖపట్నం వంటి మన ఊళ్ళూ అందులో ఉన్నాయి. అందులోని రాళ్ళలో కొన్నిటి మీద ఇవాళ ఏమీ కనిపించదు. ఆయన ఎత్తి రాసుకోకపోతే ఆ మనుషులు రెండోసారి పోయినట్టే. కాటన్ ఎంచుకున్నది దొరల్నే అన్నది నిజం. దొరలు కానివాళ్ళ రాళ్ళను జాబితా వేసే పని మనకోసం మిగిలే ఉంది.

హేతువాదులకు ఈ గోలెందుకు, చచ్చాక శరీరం వైద్య కళాశాలకు ఇచ్చేస్తే సరిపోతుంది కదా అని మా సభ్యులు కొందరంటారు. కోవూరు 1978లో పోయినప్పుడు అదే చేశారు. నేనూ కాగితాల మీద సంతకం పెట్టాను. కానీ మనవాళ్ళు అందరూ అలా లేరు. పుదుచ్చేరి గర్వంగా చెప్పుకునే హేతువాద కవి భారతిదాసన్ 1964 ఏప్రిల్ 21న మద్రాసులో పోతే శరీరాన్ని సొంత ఊరికి తెచ్చి పూడ్చారు. ఏటా ఆ రోజున మంత్రులు వచ్చి దండలు వేస్తారు. పెరియార్ సమాధి మద్రాసులో పెరియార్ తిడల్‌లోనే ఉంది. రాతి పూజను అంతగా వెక్కిరించిన వేమనకు కటారుపల్లిలో సమాధీ పూజా రెండూ ఉన్నాయి. ఇందులో నాకు కొంత ఇబ్బందీ ఉంది, కొంత అర్థమైన సంగతీ ఉంది. పెరియార్ రాతి దగ్గర ఆయన మాటలు చెక్కి ఉన్నాయి, కాబట్టి ఆయన్ని దేవుణ్ణి చేయడం కష్టం. వేమన దగ్గర ఆ రక్షణ లేదు.

ఒక నియమం మాత్రం నేను ఆ రోజు ఉప్పాలంలోనే పెట్టుకున్నాను. రాయిని తీయవచ్చు, రాయి ముందు ఏడుస్తున్న మనిషిని తీయకూడదు. అంతకుముందు ఒక ముసలామె కొవ్వొత్తి వెలిగిస్తుంటే దూరంనుంచి రెండు ఫొటోలు కొట్టాను. మంచి ఫొటోలే. పెద్దాయన "ఇక్కడ ఉండేది మా అమ్మ" అన్నాక వాటిని అక్కడే చెరిపేశాను.

ఆయన నన్ను వెళ్ళిపొమ్మనలేదు. కాసేపు పోయాక తనే పిలిచి, "మా అమ్మది కూడా ఒకటి తీయండి సార్" అన్నాడు. అబ్బాయి అప్పుడే అక్షరాలు దిద్దడం ముగించాడు. తమిళంలో పేరు, కింద ఇంగ్లీషు అంకెల్లో సంవత్సరం. 1983 అని నల్లగా మెరుస్తోంది. మబ్బుగా ఉంది కనుక టార్చి తీసి పక్కనుంచి పట్టుకున్నాను. కెమేరా తెర మీద పెద్దది చేసి చూస్తే చివరి అంకెకు ఎడమవైపు, పెయింటు పడని చోట, లోతైన గాడి కనిపించింది. వేలు పెట్టి చూశాను. మూడు కాదు, ఎనిమిది.

"అమ్మ ఎప్పుడు పోయారు?" అని అడిగాను. పెద్దాయన తడుముకోకుండా చెప్పాడు, "ఎనభై ఎనిమిది. నాకు బాగా గుర్తు." అబ్బాయి పోయినేడు కూడా మూడే దిద్దానన్నాడు. అంతకుముందు దిద్దింది వాళ్ళ అన్న, ఆయన కూడా మూడే దిద్దాడట. పెయింటు ఇంకా ఆరలేదు. అబ్బాయి గుడ్డతో ఆ ఒక్క అంకె తుడిచి, నా టార్చి వెలుగులో గాడి వెంట బ్రష్ నడిపించి ఎనిమిది చేశాడు. ఆ తర్వాత ఫొటో తీశాను.